మా బావగారి లిమోజిన్ భక్తి

మా బావగారు లిమోజిన్ కొన్న సంగతి ఆయన చెప్పకముందే వాళ్ళ ఎదురింటి గుజరాతీ అంకుల్ నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన కోడలికి అప్పట్లో నేను డ్రైవింగ్ నేర్పుతున్నాను.

“మీ బావగారింటి ముందు లారీ మీంచి ఏదో ఓడ దించుతున్నారు. నా కారు బయటికి రావడానికి దారి లేదు. మీరొకసారి వచ్చి చెప్పండి” అన్నాడు.

శనివారం పొద్దున. పదింటి పాఠాన్ని మధ్యాహ్నానికి జరిపి వెళ్ళాను. నేను ఇంగ్లండులో, లీసెస్టర్ అనే ఊళ్ళో డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. గుంటూరు యాసలో ‘బ్రేకు, బ్రేకు’ అని అరిచే మనిషి కావాలనుకున్న వాళ్ళంతా నా దగ్గరికే వస్తారు. కార్లంటే నాకు పెద్ద గౌరవమేమీ లేదు. వంటవాడికి గరిటె ఎంతో నాకు కారు అంతే.

వెళ్ళేసరికి ఓడ దిగింది. ముదురు మెరూన్ రంగు అమెరికన్ లిమోజిన్. నా పాఠాల కారు వెనక ఇంకో సగం కారు అతికిస్తే ఎంత పొడుగుంటుందో అంత పొడుగు. బావగారింటి ముందు కారు పెట్టుకునే చోట వెనకభాగం గరాజు తలుపుకి ఆనించి పెట్టినా, ముందుభాగం పేవ్‌మెంట్ మీదికి రెండు గజాలు పొడుచుకొచ్చింది. చంటిపిల్లల బండిలో బిడ్డని తోసుకుంటూ పోతున్న ఒకావిడ రోడ్డు మీదికి దిగి చుట్టూ తిరిగి వెళ్తూ ఏదో గొణుక్కుంది. బావగారు ఆవిడని చూసి మెచ్చుకుంటోందనుకుని చెయ్యి ఊపారు.

“అమ్మాయ్, ఇది ఎవరి కారో తెలుసా?” అన్నారు నన్ను చూడగానే.

చెప్పారు. ఒకప్పటి పెద్ద రాక్ గిటారిస్టు. పోయి చాలా ఏళ్ళయింది. నేను పేరు విన్నాను, పాట వినలేదు. ఆ మాటకొస్తే బావగారూ వినలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన కారులో పాత తెలుగు సినిమా పాటలు తప్ప ఇంకేదీ మోగగా నేను చూడలేదు. కానీ ఆ పొద్దున ఆయన ఒంటిమీద నల్ల లెదర్ జాకెట్టుంది. యాభై నాలుగేళ్ళ వయసులో, బొజ్జ మీద జిప్పు పడక, తెరిచి ఉంచుకున్నారు.

అక్క, అంటే బావగారి భార్య, నా తోడికోడలు, పళ్ళెంలో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు పట్టుకుని బయటికొచ్చింది. బానెట్ మీద బొట్టు పెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టబోతే బావగారు గబుక్కున అడ్డం వెళ్ళారు.

“నీళ్ళు పడతాయే, అది ఒరిజినల్ పెయింటు!”

“ఆయన తాగి పోసినవాటికంటే ఇవి నయమే” అంది అక్క.

అక్కకి అంత మాట ఎందుకొచ్చిందో లోపల చూశాక అర్థమైంది. ముందు డ్రైవరుకీ పక్కమనిషికీ ఒక సీటు. దాని వెనక అద్దం అడ్డు. ఆ అద్దం వెనక మడిచే కుర్చీలు రెండు, ఆ వెనక సోఫా లాంటి పెద్ద సీటు. సోఫా మీద రకరకాల మరకలు. కుడిమూల తోలు మీద సిగరెట్ కాలిన గుండ్రటి మచ్చ. దాని చుట్టూ బావగారు అప్పటికే ఎర్ర రిబ్బను కట్టేశారు.

“ఆయన ఇక్కడే కూర్చునేవాడమ్మాయ్. ఈ మూల ఎవ్వరూ కూర్చోకూడదు.”

ఈ పిచ్చికి మూలం ఏమిటో తర్వాత తెలిసింది. బావగారు ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. ఆరేళ్ళుగా ఆయన పైనున్న మేనేజరు ఇంగ్లీషాయన. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగిన పాపాన పోలేదు. ఆ మేనేజరు ఈ గిటారిస్టుకి వీరాభిమాని. ఒకరోజు ఆఫీసులో ఆ కారు వేలానికొస్తోందని ఆయన ఎవరితోనో చెప్తుంటే బావగారు విన్నారు. అంతే. నెల తిరిగేసరికి కారు కొన్నారు. తర్వాతి ఆదివారం మేనేజరు, ఆయన భార్య ఇంటికొచ్చారు. అక్క చేసిన గారెలు తిన్నారు. కారెక్కే ముందు మేనేజరు బూట్లు విప్పాడు. అడక్కుండానే విప్పాడు! లోపల నిటారుగా నిలబడలేక, రిబ్బను ముందు చేతులు కట్టుకుని వంగి నిలబడ్డాడు. తిరుపతి కొండ మీద కూడా అంత వినయంగా వంగినవాళ్ళని నేను తక్కువగా చూశాను.

ఆ రోజు బావగారి మొహంలో వెలుగు చూస్తే కాస్త జాలేసింది. కాస్తే.

ఇక కారు నడపాలి కదా. స్టీరింగ్ ఎడమవైపు. బావగారు మొదటిరోజే వెనక్కి తీస్తూ గేటు స్తంభాన్ని గీశారు. ఒరిజినల్ పెయింటు కొంత స్తంభానికి అంటింది. మా ఆయన్ని అడిగితే, “నాకు నడుం నొప్పి” అని అన్నగారి ముందే సోఫాలో పడుకున్నాడు. దాంతో అందరూ నా వైపు తిరిగారు.

“నువ్వు ప్రొఫెషనల్‌వి కదమ్మాయ్” అన్నారు బావగారు.

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానంటే, పొగడ్తకి పడ్డాను. అది దాచుకోవడం దేనికి?

ఆ వసంతకాలమంతా శనాదివారాల్లో నేను లిమోజిన్ డ్రైవర్‌ని. తెలుగు సంఘం ఉగాదికి ఒకసారి, ఎవరిదో గృహప్రవేశానికి ఒకసారి, ఎమ్మెస్ చదవడానికొచ్చిన పిల్లలు గుంపుగా వచ్చి ఫోటోలు దిగుతామంటే మరోసారి. బ్రేకు తొక్కాక అది ఆగాలా వద్దా అని ఆలోచించుకునేది. మలుపు తిప్పితే ముందుభాగం ఒక వీధిలో, వెనకభాగం ఇంకో వీధిలో ఉండేవి. నా దగ్గర నేర్చుకునే పిల్ల అలా నడిపితే టెస్టులో మూడో నిమిషంలో ఫెయిల్ చేస్తారు. అయినా నలభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎం.ఓ.టి. పరీక్ష కూడా అక్కర్లేదట. ముసలితనానికి ఈ దేశంలో మనుషులకి దొరకని గౌరవం బళ్ళకి దొరుకుతుంది.

అద్దం అవతల కూర్చున్నవాళ్ళు నవ్వుకుంటూ ఉంటారు. ఆ నవ్వులు ముందుకి వినిపించవు. నాతో ఏమైనా చెప్పాలంటే అద్దం మీద తడతారు. ఉంగరంతో టకటక. రెండేళ్ళ కిందట నా కారులో క్లచ్చు వదలడం రాక ఏడ్చిన మనిషి కూడా ఆ వెనక సీటెక్కగానే ఉంగరంతో తట్టడం నేర్చేసుకునేవాడు. చలి ఉన్నరోజు వెనక్కి వేడి బాగానే వెళ్ళేది. ముందు మాత్రం ఎన్ని మీటలు తిప్పినా చల్లగాలే.

జూలై మొదట్లో బావగారి అమ్మాయి ప్రామ్. పదకొండో క్లాసు పరీక్షలయ్యాక స్కూలు వాళ్ళు హోటల్లో పెట్టే డాన్సు పార్టీ అది. ఇక్కడి పిల్లలకి పెళ్ళంత హడావుడి. కొందరు లిమోజిన్లు అద్దెకి తీసుకుని మరీ దిగుతారు. బావగారి ఆనందం చెప్పనలవి కాదు. మన దగ్గర సొంతదే ఉంది, అదీ ఫలానా ఆయనది!

పిల్లకి మాత్రం ఇష్టం లేదు. తనకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. ఆకుపచ్చ గౌను వేసుకుని, కారెక్కేముందు నా పక్కకొచ్చి మెల్లిగా అడిగింది.

“పిన్నీ, హోటలుకి ఒక వీధి ముందే దింపెయ్యవా? ప్లీజ్.”

“మీ నాన్నగారు వెనకే కూర్చుంటారు కదే.”

“అందుకే” అంది.

బావగారు, అక్క, పిల్ల వెనక. నేను ముందు. ఎండ బాగా ఉంది. ఊరి బయట రింగ్ రోడ్డు మీద పెద్ద రౌండబౌట్ ఒకటుంది. అందులోకి వెళ్ళి, బయటికి వచ్చే దారిలో పడగానే బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. ఇంజను వేడి చూపించే సూది ఎర్రగీత దాటింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దారి మొత్తం మాదే. వెనక ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు. దాని వెనక ఊరంతా.

హారన్లు మొదలయ్యాయి. నేను దిగి హజార్డ్ త్రికోణం పెట్టొచ్చాను. బావగారు దిగి ఆవిరి వైపు చూసి, ఏమన్నారో తెలుసా?

“ఆయన ఉన్నప్పుడు కూడా ఇలాగే ఆగేదట! ఒరిజినల్ రేడియేటర్ అమ్మాయ్!”

“మీ తలకాయ ఒరిజినల్” అంది అక్క కారు దిగుతూ. “పిల్ల పార్టీ సంగతేంటి?”

పిల్ల అప్పటికే దిగి, గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని బస్సు వైపు నడుస్తోంది. బస్సు డ్రైవరు సర్దార్జీ. తలుపు తెరిచి, “ఎక్కడికి బేటా?” అని అడిగాడు. పిల్ల హోటలు పేరు చెప్పింది. “నా దారే. ఎక్కు” అన్నాడు. ఎక్కింది. నేనూ బావగారూ ఇంకో ఇద్దరు దారినపోయేవాళ్ళూ కలిసి ఓడని గడ్డి మీదికి తోశాం. బస్సు మా పక్కనుంచి వెళ్తుంటే పైనున్న వాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు. పిల్ల కింది కిటికీ దగ్గర ఒక ముసలాయన పక్కన కూర్చుని ఉంది. మా వైపు చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆ రోజంతట్లో అది నవ్వడం అదే మొదలు. లిమోజిన్లలో దిగిన ఆడపిల్లలు బోలెడుమంది. బస్సులో దిగింది మా పిల్లొక్కతే. స్కూలంతా తన ఫోటోలే తీశారట.

ఇంతటితో ఎవరైనా బుద్ధి తెచ్చుకుంటారు. బావగారు పుస్తకాలు తెచ్చుకున్నారు. ఆ గిటారిస్టు మీద అభిమానులు రాసిన పుస్తకాలు రెండు మూడు కొని, గీతలు పెట్టి చదివారు. అభిమానుల వెబ్‌సైట్లో ప్రకటన కూడా పెట్టారు, ఈ కారుతో జ్ఞాపకాలున్నవాళ్ళు ఎవరైనా ఉంటే రాయమని. చాలారోజులు ఎవరూ రాయలేదు. నవంబరులో న్యూకాసిల్ దగ్గర్నుంచి చేత్తో రాసిన ఉత్తరం ఒకటి వచ్చింది. రాసినావిడ భర్త తొమ్మిదేళ్ళు ఆ కారుకి డ్రైవరుగా పనిచేశాడట. పోయాడు. ఒక్కసారి ఆ కారు చూడాలని ఉందట.

బావగారు ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అందరికీ చూపించారు.

ఆవిణ్ణి స్టేషను నుంచి తీసుకొచ్చే పని నాది. లిమోజిన్ వద్దన్నాను, నా కారులోనే వెళ్ళాను. డెబ్భై ఎనిమిదేళ్ళ సన్నటి మనిషి, నీలం కోటు, చేతిలో చిన్న బిస్కెట్ల డబ్బా. మాటకోసారి ‘పెట్’ అని పిలిచేది. మనం ‘అమ్మా’ అన్నట్టు, అది వాళ్ళ ఊరి అలవాటు. నా కారు మీదున్న బోర్డు చదివింది.

“నువ్వూ బండి నడిపి బతికేదానివేనన్నమాట, పెట్.”

“అవునండీ. ఆ పెద్ద బండి కూడా నేనే నడుపుతున్నాను.”

నా పాదాల వైపు చూసింది. “కాళ్ళు జాగ్రత్త” అంది. నాకు అర్థం కాలేదు.

ఇంటి దగ్గర బావగారు జాకెట్టు వేసుకుని, ఫోనులో రికార్డింగ్ పెట్టుకుని, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని నిలబడ్డారు. ఆవిడ టీ పూర్తిగా తాగకముందే కారు దగ్గరికి తీసుకెళ్ళి, వెనక తలుపు తీసి, రిబ్బను చూపించారు.

“ఆయన ఈ మూలే కదండీ కూర్చునేవారు?”

ఆవిడ లోపలికి తొంగి చూసింది.

“కూర్చోడమా? మా ఆయన చెప్పినంతవరకు ఆయన ఎప్పుడూ పడుకునేవాడు. తల అటు. కాళ్ళు ఇటు” అని రిబ్బను వైపు చూపించింది. “బూట్లతోనే.”

“మరి ఈ సిగరెట్ మచ్చ?”

“అది ఆయనది కాదు. కారు కడగడానికొచ్చిన కుర్రాడెవడో కాల్చాడు. వాడి మీద చెప్పకుండా ఆ నింద మా ఆయన మీదేసుకున్నాడు.”

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పరిగెత్తింది. బావగారు రికార్డింగ్ ఆపేశారు.

ఆవిడ వెనక సీటెక్కలేదు. ముందు తలుపు తీయమంది. స్టీరింగు ముందు నెమ్మదిగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. స్టీరింగుని ముట్టుకోలేదు. అటూ ఇటూ చూసి, “ఇంకా పెద్దదనుకున్నాను” అంది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కారు లోపలికి ఆవిణ్ణి రానివ్వలేదట. డ్రైవరు కుటుంబం ఎక్కకూడదని రూలు.

తర్వాత తనంతట తనే చెప్పింది. ఒక జనవరిలో ఆ గిటారిస్టు మాంచెస్టర్ అవతల ఎవరింటికో భోజనానికెళ్ళాడు. అరగంటలో వస్తాను, కారు వదిలి కదలకు, పిల్లలు గీతలు పెడతారు అని చెప్పి లోపలికి పోయాడు. మంచు పడుతోంది. డ్రైవరు కూర్చున్నాడు. ముందు హీటరు లేదు. ఇంజను ఆన్ చేసి ఉంచితే పెట్రోలు దండగని తిడతారు. మొబైల్ ఫోన్ల కాలం కాదు. కదిలితే ఉద్యోగం పోతుందని భయం. మర్నాడు మధ్యాహ్నం ఆ ఇంటి పనిమనిషి చెత్త పారేయడానికి బయటికొచ్చి చూసి, “ఇంకా ఇక్కడే ఉన్నావా? ఆయన నిన్ననే ఇంకొకరి కారులో వెళ్ళిపోయాడుగా” అంది. మర్చిపోయాడు. కారునీ, మనిషినీ.

“ఎడమకాలి వేళ్ళు రెండింటికి ఇంక స్పర్శ రాలేదు, పెట్. చచ్చేదాకా” అంది ఆవిడ.

అప్పుడు బావగారి మొహం వెలిగింది. నేను నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

“ఓ! అది నాకు తెలుసండీ! పుస్తకంలో ఉంది! ఆయన పార్టీల్లో చెప్పి అందరినీ నవ్వించేవాడట!” అంటూ తనూ నవ్వారు.

ఆయన నవ్వడం అయ్యేదాకా ఆగి ఆవిడ అడిగింది.

“ఆ పుస్తకంలో మా ఆయన పేరుందా?”

బావగారు ఆలోచించారు. మొహంలో వెలుగు మెల్లిగా తగ్గింది. “లేదండీ. డ్రైవరు అనే రాశారు.”

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. బిస్కెట్ల డబ్బా సర్దుకుంది అంతే.  నేను బావగారి చేతిలోంచి తాళంచెవి తీసుకుని, ఆవిణ్ణి పక్క సీటులోకి జరగమని, బండి స్టార్ట్ చేశాను. బావగారు వెనక ఎక్కబోతే, “మీరుండండి” అన్నాను. పెళ్ళయి వచ్చినప్పట్నుంచి బావగారితో ఆ గొంతుతో మాట్లాడడం అదే మొదటిసారి. ఆయన వెనక్కి తగ్గారు.

పది నిమిషాలు తిరిగాం. పార్కు చుట్టూ, ఆసుపత్రి ముందునుంచి, మళ్ళీ వెనక్కి. ఆవిడ గాలి వచ్చే సందు మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగాలే. ఆ పది నిమిషాలకే నా కాళ్ళు బిగుసుకుపోయాయి. ఆవిడ గడియారం చూసుకుంటూ కూర్చుంది. లెక్కేసుకుంటోందని నాకర్థమైంది. పది నిమిషాలకి ఇంతైతే, రోజంతా అంటే ఎంతని.

“చాలు పెట్, ఇక స్టేషనుకి పోదాం” అంది.

నా కారులోకి మారి, హీటరు పూర్తిగా పెట్టి, స్టేషనుకి తీసుకెళ్ళాను. దారిలో నేను ఆయన పేరు అడిగాను. చెప్పింది. ఇక్కడ రాయను. అది ఆవిడ నాతో చెప్పిన మాట. బిస్కెట్లు నా చేతిలో పెట్టి రైలెక్కింది.

వారం తర్వాత బావగారింటికెళ్తే, కారు ముందు సీటుకి కూడా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పైన లామినేట్ చేసిన కాగితం. ‘విశ్వాసపాత్రుడైన డ్రైవరు మంచులో యజమాని కోసం ఎదురుచూసిన చోటు’ అని ఇంగ్లీషులో.

“ఎలా ఉందమ్మాయ్? ఆవిడ సంతోషిస్తుంది కదూ? ఫోటో పంపిద్దామా?” అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు.

“పంపొద్దు బావగారూ. ముందు ఆ హీటరు బాగు చేయించండి.”

“అయ్యో, అది ఒరిజినల్ కదమ్మాయ్, ముట్టుకుంటే విలువ పోతుంది.”

తాళంచెవి అక్క చేతిలో పెట్టి, ఇక నేను నడపనని చెప్పాను. అక్క కారణం అడగలేదు. “ఇన్నాళ్ళు ఎలా నడిపావో” అంది. మేనేజరుకి వేరే ఊరు బదిలీ అయ్యాక బావగారి భక్తి కూడా చల్లారింది. కారు పేవ్‌మెంట్‌కి అడ్డంగా ఉందని కౌన్సిల్ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. మళ్ళీ వేసవి రాకముందే ఒక హోటలాయన వచ్చి, పెళ్ళిళ్ళకి వాకిట్లో అలంకారంగా పెట్టుకుంటానని కొనుక్కుపోయాడు. రెండు రిబ్బన్లూ, ఆ లామినేట్ కాగితంతో సహా. జాకెట్టు బావగారి దగ్గరే ఉంది. కూరగాయలకెళ్ళేటప్పుడు వేసుకుంటారు.

నేను ఇంత మాట్లాడుతున్నాను గానీ, కారొచ్చిన మొదటి శనివారమే అందరూ లోపలికెళ్ళాక, రిబ్బను పక్కకి జరిపి ఆ మూల కూర్చుని, కాలు మీద కాలేసుకుని ఫోటో దిగాను. గుంటూరులో నాతో చదివినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ‘కొత్త కారా?’ అని అందరూ అడిగారు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. అవునని అనలేదు. కాదనీ అనలేదు. ఇప్పటికీ ఆ గ్రూపులో ఎవరింట్లో పెళ్ళయినా, “లిమోజిన్ మేడమ్ ఎప్పుడొస్తుంది?” అని నన్నే అడుగుతారు.